చిన్న జాతి కుక్కపిల్లకి డ్రై ఫుడ్: సంచి వెనక ఏం చూడాలి?

మా మేనకోడలు తెచ్చుకున్న కుక్కపిల్లని మొదటిసారి తూచింది అప్పడాల కాటా మీద. బరంపురంలో మా వీధిలోనే అప్పడాలు చేసి అమ్మే ఇల్లు ఒకటుంది. వాళ్ల దగ్గర గ్రాములు చూపించే ఎలక్ట్రానిక్ కాటా ఉంది. దాని మీద తువ్వాలు పరిచి కూర్చోబెడితే కిలోన్నర చూపించింది. వయసు పది వారాలు, మొత్తం కలిపి గుప్పెడు బొచ్చు. దానికోసం కొన్న తిండి సంచి మీద మాత్రం ఇంత పెద్ద లాబ్రడార్ బొమ్మ, వెనక చిన్న అక్షరాల్లో 'అడల్ట్' అని రాసుంది. కొట్లో ఇదే అందరూ తీసుకెళ్తారని చెప్పి ఇచ్చారట. ఒక్కో పలుకు శనగగింజకి రెండింతలు ఉంది. పిల్ల దాన్ని నోట్లో పెట్టుకుని, నమల్లేక వదిలేసి, మళ్లీ వాసన చూసి పక్కకి పోతోంది. "దీనికి తిండి మీద ఇష్టం లేదత్తా" అని మేనకోడలి బాధ.

ఇష్టం లేక కాదు. అది దాని తిండి కాదు.

ఒడిశా సరిహద్దులో ఉన్న మనకి ఇలాంటి పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. బరంపురమైనా, పర్లాకిమిడైనా, రాయగడైనా ఇంట్లో మాట తెలుగు, కొట్లో మాట ఒడియా, సంచి మీద రాత ఇంగ్లీషు. మూడింటి మధ్య అసలు సంగతి జారిపోతుంది. ఏ కంపెనీదైనా సరే మనం "పెడిగ్రీ ఉందా" అని అడుగుతాం, చేతికి ఏదొస్తే అది పట్టుకొస్తాం. అందుకే సంచి వెనక ఏముంటుందో, అందులో మనకి పనికొచ్చేదేమిటో తెలుగులో విడమరిచి చెబుదామని కూర్చున్నాను.

ముందు ఒళ్లు చిన్నదైతే ఏమవుతుందో చూద్దాం. మిగతా లెక్కలన్నీ దాని మీదే నిలబడతాయి. పెద్దయ్యాక 10 కిలోల లోపు ఉండేవాటిని చిన్న జాతి అంటారు. పామేరియన్, స్పిట్జ్, పగ్, షిట్జూ, లాసా ఆప్సో, డాష్‌హండ్ సాధారణంగా ఇందులోకే వస్తాయి. మన వైపు పామేరియన్ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. అసలు పామేరియన్ పూర్తిగా పెరిగినా మూడు కిలోల చుట్టుపక్కలే ఉంటుంది. ఏదైనా చిన్న జాతే కాబట్టి తిండి ఎంపికలో పెద్ద తేడా రాదు, కొలతలో వస్తుంది.

జంతువు ఎంత చిన్నదైతే కిలో బరువుకి అంత ఎక్కువ శక్తి కావాలి. పశువైద్యులు వాడే లెక్క ఒకటుంది. బరువుని మూడుసార్లు దానితోనే హెచ్చించి, వర్గమూలం రెండుసార్లు తీసి, 70తో గుణించాలి. కిలోన్నర పిల్లకి ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి చేస్తే 1.5 × 1.5 × 1.5 అంటే 3.375, రెండు వర్గమూలాల తర్వాత 1.355, గుణిస్తే సుమారు 95 కిలోకేలరీలు. కదలకుండా పడుకుంటే ఖర్చయ్యేది అంత. నాలుగు నెలల వయసు దాకా పిల్లకి దీనికి మూడింతలు కావాలి, అంటే రోజుకి దాదాపు 285. కిలోకి 190 పడింది. ఇదే లెక్కలో 30 కిలోల పెద్ద కుక్కకి కిలోకి 50 కూడా పడదు. మరి ఈ పిల్ల పొట్ట ఎంతుంటుంది? అంత చిన్న చోట అంత శక్తి పట్టాలంటే తిండి చిక్కగా ఉండాలి, రోజుకి నాలుగు పూటలుగా పెట్టాలి.

పూటలు తప్పితే ప్రమాదం కూడా ఉంది. చిన్న జాతి పిల్లల కాలేయంలో నిల్వ ఉండే చక్కెర చాలా తక్కువ. కొన్ని గంటలు ఏమీ తినకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. పిల్ల తూలుతుంది, వణుకుతుంది, మత్తుగా పడిపోతుంది, కొన్నిసార్లు ఫిట్స్ వస్తాయి. అప్పుడు చిగుళ్ల మీద తేనె గానీ గ్లూకోజు నీళ్లు గానీ వేలితో రాసి, వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. స్పృహ లేని పిల్ల నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రాత్రి పెందలాడే పెట్టేసి పొద్దున్న తొమ్మిదింటి దాకా ఆగే ఇళ్లలో ఈ భయం ఎక్కువ. మూడు నెలల లోపు పిల్లకి పడుకోబోయే ముందు ఒక పూట, లేవగానే ఒక పూట తప్పనిసరి.

ఇప్పుడు సంచి తిప్పుదాం. ముందు వైపు ఉన్న బొమ్మలు, 'ప్రీమియం', 'న్యాచురల్', 'రియల్ చికెన్' లాంటి మాటలు వదిలేయండి. వెనక వెతకాల్సిన మొదటి మాట 'గ్రోత్' లేదా 'పప్పీ', దానితోపాటు 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్'. అంటే పెరిగే పిల్లకి ఇదొక్కటే పెట్టినా సరిపోయేలా చేశామని కంపెనీ ఒప్పుకుంటోందన్నమాట. 'ఆల్ లైఫ్ స్టేజెస్' అన్నా పరవాలేదు, ఎందుకంటే ఆ మాట రాయాలంటే పిల్లల కొలతలు అందుకోవాలి. 'కాంప్లిమెంటరీ' అనో 'ట్రీట్' అనో ఉంటే అది భోజనం కాదు, చిరుతిండి.

ఈ కొలతలు పెట్టేవాళ్లలో ఎక్కువగా వినిపించే పేరు అమెరికాలోని ఆఫ్కో, పశుదాణా నియంత్రణ అధికారుల సంఘం. యూరప్‌లో పెంపుడు జంతువుల తిండి తయారీదారుల సమాఖ్య ఫెడియాఫ్ ఉంది. ఆఫ్కో ప్రకారం నీరు తీసేసిన లెక్కలో పెరిగే పిల్లకి కనీసం 22.5 శాతం ప్రోటీన్, 8.5 శాతం కొవ్వు, 1.2 శాతం కాల్షియం కావాలి. పెద్ద కుక్కకైతే ప్రోటీన్ 18, కొవ్వు 5.5 చాలు. మా మేనకోడలి చేతిలో ఉన్న 'అడల్ట్' సంచి ఈ పెద్ద కుక్క కొలతకి చేసింది. అది విషమేం కాదు, కానీ రోజులు గడిచేకొద్దీ ఎముకల దగ్గర లోటు పడుతుంది.

సంచి మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు లేదని కొందరు అనుమానపడతారు. 2006 ఆహార భద్రత చట్టంలో ఆహారం అంటే మనుషులు తినేదే, పశువుల దాణా ఆ నిర్వచనంలోకి రాదు. దాన్ని బట్టి మంచి చెడ్డ తేల్చలేం.

ఇక అందరూ పోటీపడి చూసే ప్రోటీన్ శాతం. 'క్రూడ్ ప్రోటీన్' అన్న ఆ మాటలోనే మెలిక ఉంది. ప్రయోగశాలలో ప్రోటీన్‌ని నేరుగా కొలవరు. తిండిలో ఉన్న నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. 1883లో కెల్డాల్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త కనిపెట్టిన పద్ధతి మీదే ఇప్పటికీ ఈ లెక్క నడుస్తోంది. మరి నత్రజని కోడి మాంసంలోనూ ఉంటుంది, ఈకల్లోనూ ఉంటుంది, చెప్పుల తోలులోనూ ఉంటుంది. ఈ పద్ధతికి తేడా తెలియదు. 2007లో అమెరికాలో జరిగిందదే. చైనా నుంచి వచ్చిన గోధుమ ప్రోటీన్‌లో ఎవరో మెలమైన్ అనే రసాయనం కలిపారు. అందులో నత్రజని ఎక్కువ కాబట్టి పరీక్షలో ప్రోటీన్ ఎక్కువగా కనబడింది. ఆ తిండి తిన్న కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు పాడై చచ్చిపోయాయి. కోట్ల ప్యాకెట్లు వెనక్కి తీసుకున్నారు.

అందుకే 32 శాతం ఉన్నది 28 ఉన్నదానికన్నా మంచిదని నేను ఒప్పుకోను. ఆ ప్రోటీన్ ఎక్కడినుంచి వచ్చిందో, అందులో పిల్ల ఒంటికి ఎంత పట్టిందో ముఖ్యం. మొదటిదానికి పదార్థాల జాబితా చూడాలి, రెండోదానికి పిల్ల వెనకాల శుభ్రం చేసేటప్పుడు చూడాలి. తిండి బాగా అరిగితే మలం తక్కువగా, గట్టిగా, చేతికి కవరు తొడుక్కుని ఎత్తితే విరగకుండా వస్తుంది. కుప్పలు కుప్పలుగా, మెత్తగా వస్తుంటే మీరు పెట్టిన డబ్బులో కొంత అలాగే బయటికి పోతోంది.

జాబితాలో పదార్థాలు బరువు వరుసలో ఉంటాయి, వండక ముందు బరువు. పచ్చి కోడి మాంసంలో 70 శాతం దాకా నీరే. అందుకే అది మొదట నిలబడినా, ఆరాక దాని వాటా బాగా తగ్గిపోతుంది. 'చికెన్ మీల్' అంటే నీరు, కొవ్వు తీసి పొడి చేసిన మాంసం. పేరు వినడానికి అంత బాగోదు గానీ, బరువుకి బరువు చూస్తే ప్రోటీన్ అందులోనే చాలా ఎక్కువ. 'బై-ప్రొడక్ట్' అంటే కాలేయం, గుండె లాంటి భాగాలు. మన ఇళ్లలో లివరు ఇష్టంగా వండుకుంటాం కదా, కుక్కకి మాత్రం చెడ్డదెందుకవుతుంది? చూడాల్సిన చిన్న మోసం ఇంకోటుంది. మొక్కజొన్న, మొక్కజొన్న పిండి, మొక్కజొన్న గ్లూటెన్ అని విడివిడిగా రాస్తే ఒక్కొక్కటీ కిందికి జారుతుంది, మాంసం పైకి తేలుతుంది. మూడూ కలిపి ఊహించుకోండి.

'యాష్' అని కనబడితే కంగారు పడకండి. బూడిద కలిపారని కాదు, తిండిని కాల్చేస్తే మిగిలే ఖనిజాల లెక్క అది.

'గ్రెయిన్ ఫ్రీ' మోజు మన దాకా కూడా వచ్చింది. ధాన్యం లేదు కాబట్టి గొప్పది అంటారు. కుక్క తోడేలు కాదు. 2013లో స్వీడన్ పరిశోధకులు నేచర్ పత్రికలో ప్రచురించిన పనిలో తేలింది, పిండి పదార్థం అరిగించే జన్యువు కుక్కల్లో తోడేళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ నకళ్లుగా ఉంది. వేల ఏళ్లు మనతో కలిసి గంజీ అన్నమూ తిన్న జంతువు మరి. పైగా ధాన్యం తీసేసిన చోట బఠాణీ, పప్పులు, బంగాళదుంప వేస్తారు. అలాంటి తిండికీ కుక్కల్లో గుండె కండరం సాగిపోయే జబ్బుకీ సంబంధం ఉందేమోనని 2018లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ విచారణ మొదలుపెట్టింది. కారణం ఇదీ అని ఖాయంగా తేలలేదు. డాక్టరు అలర్జీ అని చెప్పకపోతే, పెరిగే పిల్లకి ఎక్కువ డబ్బు పెట్టి ఆ అనుమానం కొనుక్కోవాల్సిన పని లేదు. బియ్యం ఉన్న తిండి శుభ్రంగా సరిపోతుంది.

ఇప్పుడు ధర. కిలో రేటు చూసి పోల్చకండి, కేలరీ రేటు చూడండి. కేలరీలు సంచి మీద రాసి ఉంటే సరే, లేకపోతే మనమే కట్టుకోవచ్చు. ప్రోటీన్, కొవ్వు, నీరు, పీచు, యాష్ కలిపి వందలోంచి తీసేస్తే మిగిలేది పిండి పదార్థం. ప్రోటీన్‌కీ పిండికీ గ్రాముకి మూడున్నర, కొవ్వుకి ఎనిమిదిన్నర కిలోకేలరీలు. ఉదాహరణకి ఒక సంచిలో ప్రోటీన్ 24, కొవ్వు 10, నీరు 12, పీచు 5, యాష్ 9 అనుకుందాం. పిండి 40. వంద గ్రాములకి 309 కిలోకేలరీలు వస్తాయి. రెండో దానిలో ప్రోటీన్ 30, కొవ్వు 18, నీరు 10, పీచు 3, యాష్ 7. పిండి 32, మొత్తం 370. మన కిలోన్నర పిల్లకి రోజుకి మొదటిది 92 గ్రాములు కావాలి, రెండోది 77 చాలు. మొదటిది కిలో 300, రెండోది 550 అనుకుంటే, రోజు ఖర్చు 28 రూపాయలు ఒకదానికి, 42 ఇంకోదానికి. కొట్లో దాదాపు రెట్టింపులా కనబడే తేడా పళ్లెంలోకి వచ్చేసరికి 14 రూపాయలయింది. ప్రోటీన్ విషయంలో రెండూ పెరిగే పిల్లకి కావాల్సిన కొలత దాటినవే. స్తోమత లేనివాళ్లు మొదటిదానితోనే నిశ్చింతగా పెంచుకోవచ్చు, అది 'గ్రోత్' తిండి అయితే. నాకైతే నాలుగు పూటల్లో 77 గ్రాములు మింగించడం తేలిక కాబట్టి రెండో వైపే మొగ్గు.

అనుమానం ఉంటే సంచి మీదున్న కస్టమర్ కేర్ నంబరుకి ఫోన్ చేయండి. వంద గ్రాములకి కేలరీలెన్ని, కాల్షియం, ఫాస్ఫరస్ ఎంతెంత, తిండిని రూపొందించిన పోషకాహార నిపుణులు ఎవరు, తయారీ మీ సొంత ఫ్యాక్టరీలోనేనా అని అడగండి. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్యుల సంఘం కూడా యజమానులని ఇలాంటి ప్రశ్నలే అడగమంటోంది. నేను రెండు చోట్లకి చేశాను. ఒక చోట అరగంటలో అన్నీ మెయిల్ చేశారు. ఇంకోచోట "మేడమ్, మాది చాలా హెల్దీ" అని నాలుగుసార్లు అన్నారు తప్ప ఒక్క అంకె చెప్పలేదు. ఎవరిది కొన్నానో చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పాలనుకున్నది లూజు తిండి గురించి. పెద్ద గోతాం విప్పి, అందులోంచి కిలో, అరకిలో తూచి క్యారీబ్యాగులో కట్టిస్తారు. రేటు తక్కువ, అందుకే చాలామంది అదే కొంటారు. గోపాల్‌పూర్ సముద్రం మనకి ఎంతో దూరం లేదు. వానాకాలంలో ఇక్కడి గాలిలో తేమ ఎంతుంటుందో అప్పడాలు ఎండబెట్టేవాళ్లని అడిగితే చెబుతారు. ఒక పూట మూత తీసి ఉంచితే వడియాలు మెత్తబడే ఊరు మనది. డ్రై ఫుడ్‌ని వేడి మీద ఒత్తి పలుకులుగా చేశాక, పైన కొవ్వు చల్లుతారు. ఆ కొవ్వు గాలి తగిలితే చెడుతుంది. ఆ మధ్య ఒకరు లూజుగా కొన్న పలుకులు తెచ్చి చూపించారు. రెండు వేళ్ల మధ్య నలిపితే పెళుసుగా విరగలేదు, నలిగి సాగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పండక్కి కాచిన నూనె నెలరోజుల తర్వాత వాసనొచ్చినట్టు వచ్చింది. ఏ కంపెనీదో, ఎప్పటిదో, పిల్లలదో పెద్దవాటిదో చెప్పే కాగితం ముక్క లేదు.

తేమ పట్టిన మొక్కజొన్నకీ వేరుశనగకీ ఒక బూజు పడుతుంది. దాని విషం పేరు అఫ్లటాక్సిన్. 1960లో ఇంగ్లండులో వేరుశనగ పిండి తిన్న లక్షకి పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే అప్పుడు బయటపడింది. వండితే పోదు, కాలేయాన్ని తినేస్తుంది. 2020 చివర్లో అమెరికాలో ఈ విషం ఉన్న తిండి తిని వందకి పైగా కుక్కలు చనిపోయి ఉండొచ్చని 2021 జనవరిలో ఎఫ్‌డీఏ ప్రకటించింది. అక్కడ సంచి మీద ఏ విడతలో తయారైందో చెప్పే లాట్ నంబరు ఉంది కాబట్టి వెతికి వెనక్కి రప్పించారు. మన క్యారీబ్యాగు మీద ఏ నంబరుంది?

కాబట్టి సీలు ఉన్న చిన్న సంచే కొనండి. 10 కిలోలది చవకే, కానీ రోజుకి 80 గ్రాములు తినే పిల్లకి అది 125 రోజులు వస్తుంది. తెరిచిన సంచి నాలుగైదు వారాల్లో అయిపోవాలి. 1.2 కిలోలది 15 రోజులు, 3 కిలోలది 37 రోజులు. మన ఊళ్లకి సరుకు ఆలస్యంగా వస్తుంది, కొన్నిసార్లు గడువు దగ్గరపడ్డాక వస్తుంది, తేదీ చూసే డబ్బు ఇవ్వండి. ఇంటికి తెచ్చాక డబ్బాలో ఒంపకుండా సంచితో సహా గట్టి మూత డబ్బాలో పెట్టండి. డబ్బా గోడలకి అంటిన పాత కొవ్వు కొత్త తిండిని పాడుచేస్తుంది, పైగా లాట్ నంబరు సంచి మీదే ఉంటుంది. పలుకులు నానబెట్టి పెడితే గోరువెచ్చని నీళ్లు చాలు, పాలు వద్దు. అరగంటలో తినకపోతే తీసేయండి.

ఇంటి తిండి పెట్టి పెంచలేమా అని పెద్దవాళ్లు అడుగుతారు. పెంచొచ్చు, కానీ పెరుగన్నంతో కాదు, చికెనూ అన్నంతో మాత్రమే కూడా కాదు. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం దాదాపు లేదు. ఒళ్లు ఆ లోటుని ఎముకల్లోంచి లాక్కుని పూడ్చుకుంటుంది. పిల్ల కాళ్లు వంగుతాయి, మంచం మీంచి దూకితే విరుగుతాయి. సరైన డ్రై ఫుడ్ పెడుతూ పైన కాల్షియం సిరప్ పోయడమూ తప్పే, కాల్షియం, ఫాస్ఫరస్‌ల నిష్పత్తి చెడుతుంది. రోజు తిండిలో పదో వంతు దాకా ఉడికించిన గుడ్డో, ఉప్పు లేని చికెనో కలపండి, ఇబ్బంది లేదు. ఉల్లి, వెల్లుల్లి పడిన పప్పుచారు, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ మాత్రం చుక్క కూడా వద్దు.

ఇంకో సంగతి, మీ ఊళ్లో ప్రతి నెలా దొరికే తిండే ఎంచుకోండి. ఎంత మంచిదైనా మూడు నెలలకోసారి మాయమయ్యేది పిల్లకి పనికిరాదు. మార్చాల్సి వస్తే వారం, పది రోజుల మీద పాతది తగ్గిస్తూ కొత్తది పెంచాలి. మార్పులో కాస్త మెత్తగా వెళ్లినా సర్దుకుంటుంది. కానీ వాంతులతో, రక్తంతో విరేచనాలయితే తిండిని నిందిస్తూ కూర్చోకండి. పిల్లల్లో పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు ఉంటుంది, నులిపురుగులు ఉంటాయి. అదే పూట పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మా మేనకోడలు సంచి మార్చింది. చిన్న పలుకుల పప్పీ తిండి, నాలుగు పూటలు, అప్పడాల కాటా మీద వారం వారం తూకం. నాలుగు నెలలు దాటేసరికి పిల్ల రెండు కిలోల 600 గ్రాములయింది. అక్కడే మళ్లీ తికమక పడింది. నాలుగు నెలల తర్వాత ఎదుగుదల వేగం తగ్గుతుంది, లెక్కలో మూడింతలు కాస్తా రెండింతలవుతుంది. 2.6 కిలోలకి కట్టి చూస్తే 287. కిలోన్నర ఉన్నప్పుడు పెట్టినంతే! "ఇంత పెరిగింది, తిండి పెంచొద్దంటావేంటత్తా" అంది.

లెక్క మొదలుపెట్టడానికే, ఆపైన చెయ్యి చెప్పాలి. పిడికిలి బిగించి కణుపుల మీద వేలు రాసుకోండి, పిల్ల పక్కటెముకలు అలా తగిలితే చిక్కిపోయింది. అరచెయ్యి మెత్తగా తాకినట్టు ఎముకే అందకపోతే ఒళ్లు చేసింది. చెయ్యి చాపి వెనక వైపు నిమిరితే ఎముకలు ఎలా తెలుస్తాయో అలా ఉంటే సరిగ్గా ఉంది. తను పిల్లని ఒళ్లో వేసుకుని, కళ్లు మూసుకుని, బొచ్చులోకి వేళ్లు పోనిచ్చి చాలాసేపు చూసింది. కొలగిన్నె మార్చలేదు.